చౌక రెసొనేటర్ గిటార్: ఏది కొనాలి, కొన్నాక ఏం మార్చాలి

చౌక రెసొనేటర్ కొనేటప్పుడు చూసుకోవాల్సిన లెక్క ఒకటే. కోన్ (శబ్దాన్ని పెంచే పలుచని రేకు గిన్నె) మార్చుకోవచ్చు, శాడిల్ (తీగలు ఆనే పట్టీ) మార్చుకోవచ్చు, తీగలు ఎలాగూ మారుస్తారు. నెక్ (గిటార్ మెడ) బాడీతో కలిసే కోణం తప్పితే మాత్రం ఇంట్లో కూర్చుని సరిచేయలేరు. దాన్ని బాగుచేయించే కూలీ ఒక్కోసారి గిటార్ ధరనే దాటిపోతుంది. కాబట్టి షాపులో మీటగానే గట్టిగా మోగిందని మురిసిపోకండి. శబ్దం కాస్త రేకు డబ్బాలా ఉన్నా నెక్, బాడీ, కోన్ కూర్చునే గట్టు సరిగ్గా ఉన్న గిటారే మీకు కావాలి. మిగతాది స్క్రూడ్రైవర్, ఉప్పుకాగితం, ఒక మంచి కోన్ చూసుకుంటాయి. మీ బడ్జెట్‌లో నాలుగో వంతు ఈ మార్పుల కోసం ముందే పక్కన పెట్టి, మిగతా మూడు వంతుల్లో గిటార్ వెతకండి.

ముందు రకం తేల్చుకోండి

మామూలు అకూస్టిక్ గిటార్‌లో పైచెక్క కంపించి శబ్దం ఇస్తుంది. రెసొనేటర్‌లో ఆ పని పలుచని అల్యూమినియం కోన్ చేస్తుంది. యాంప్లిఫయర్లు ఇంకా చేతికి అందని రోజుల్లో, బ్యాండ్‌లో గిటార్ వినిపించాలన్న అవసరం నుంచి ఇది పుట్టింది. జాన్ డోపియెరా, జార్జ్ బోషాం కలిసి 1927లో లాస్ ఏంజెలెస్‌లో నేషనల్ కంపెనీ పెట్టారు. ఆ తర్వాత డోపియెరా బయటికొచ్చి అన్నదమ్ములతో కలిసి డోబ్రో మొదలుపెట్టాడు. నేటికీ మార్కెట్లో ఉన్నవి అప్పటి మూడు నమూనాలే.

బిస్కెట్ రకంలో 9.5 అంగుళాల కోన్ ఒకటే ఉంటుంది, దాని శిఖరం పైకి చూస్తుంది. ఆ శిఖరం మీద గుండ్రటి చెక్క బిళ్ల, బిళ్ల మీద శాడిల్. మీటగానే గట్టిగా కొడుతుంది, త్వరగా ఆరిపోతుంది. సన్ హౌస్ లాంటి డెల్టా బ్లూస్ వాళ్ల చేతుల్లో వినిపించే దెబ్బ ఇదే.

స్పైడర్ రకంలో 10.5 అంగుళాల కోన్ గిన్నెలా లోపలికి తిరిగి ఉంటుంది. దాని అంచు మీద ఎనిమిది కాళ్ల లోహపు చట్రం నిలబడుతుంది, శాడిల్ ఆ చట్రం మధ్యలో ఉంటుంది. నాదం ఎక్కువసేపు నిలుస్తుంది, కొంచెం ముక్కుతో పాడినట్టు ఉంటుంది. జాష్ గ్రేవ్స్, జెర్రీ డగ్లస్‌ల బ్లూగ్రాస్ (అమెరికా పల్లె బాణీ) వాద్యం ఈ రకం.

ట్రైకోన్‌లో ఆరంగుళాల కోన్లు మూడు, వాటిని కలుపుతూ ఇంగ్లీషు టీ ఆకారపు వంతెన. బ్లూస్ కళాకారుడు ట్యాంపా రెడ్ వాయించింది దీన్ని. నాదం మెత్తగా, పొడవుగా సాగుతుంది. మంచి ట్రైకోన్ చేతికొస్తే వదలబుద్ధి కాదు, అందులో సందేహం లేదు. కానీ చౌకలో వద్దు. కోన్లు మూడంటే చెడిపోయే చోట్లూ మూడు, మార్చే ఖర్చూ మూడింతలు. వాటి ఎత్తుల్లో కొంచెం తేడా వచ్చినా వంతెన గరగరమంటుంది.

చౌక శ్రేణిలో తరచూ కనిపించే పేర్లు: గ్రెచ్ వారి జీ9201 హనీ డిప్పర్ (లోహపు బాడీ, బిస్కెట్), జీ9200 బాక్స్‌కార్ (చెక్క బాడీ, స్పైడర్, గుండ్రటి నెక్), జీ9210 బాక్స్‌కార్ (అదే, చదరపు నెక్‌తో). ఇవి కాక రికార్డింగ్ కింగ్, రీగల్, ఎపిఫోన్ హౌండ్ డాగ్, అన్నిటికంటే కింద రోగ్. గ్రెచ్‌లో కంపెనీ వేసిన కోనే పర్వాలేదు, దాన్ని వెంటనే మార్చనక్కర్లేదు. రోగ్ స్థాయిలో కొంటే కోన్ మారుస్తామనే లెక్కతోనే కొనండి. అమెరికాలో ఉన్నవాళ్లకు వీటన్నిటికీ సెకండ్ హ్యాండ్ సరుకు దండిగా దొరుకుతుంది. చాలామంది సరదాగా కొని, స్లైడ్ (తీగల మీద జార్చే గొట్టం) వాయించడం కుదరక, ఏడాదిలో అమ్మేస్తుంటారు. హైదరాబాద్, విజయవాడ షాపుల్లో రెసొనేటర్ దొరకడమే అరుదు, దొరికినా ఎంపిక ఉండదు. ఆన్‌లైన్‌లోనే కొనాల్సి వస్తే కింద చెప్పబోయే ఫొటోలు, కొలతలు అడగకుండా డబ్బు కట్టకండి.

గుండ్రటి నెక్, చదరపు నెక్

గుండ్రటి నెక్ గిటార్‌ను మామూలుగా పట్టుకుని వేళ్లతోనూ, వేలికి తొడిగిన స్లైడ్‌తోనూ వాయించవచ్చు. చదరపు నెక్ దాన్ని ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని స్టీల్ బార్‌తో వాయించడానికే. తీగలు ఫ్రెట్‌బోర్డ్‌కు 9, 10 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటాయి, ఫ్రెట్లు (నెక్ మీది అడ్డ మెట్లు) గుర్తుల కోసమే తప్ప నొక్కడానికి కాదు.

బేరగాళ్లు గమనించని సంగతి ఇక్కడ ఒకటుంది. చౌక గిటార్లలో ఎక్కువగా చెడేవి ఫ్రెట్ల పని, నెక్ కోణం. చదరపు నెక్‌లో ఫ్రెట్లు ఎలా ఉన్నా నష్టం లేదు, కోణం ఒక మిల్లీమీటర్ అటూ ఇటూ అయినా చేతికి తెలియదు. కనుక తక్కువ డబ్బుకు ఎక్కువ వాద్యం కావాలంటే చదరపు నెక్ స్పైడర్‌ను మించిన బేరం లేదు. గోటువాద్యం (మెట్లు లేకుండా, తీగల మీద కడ్డీ జార్చి వాయించే వీణ) చెవిలో ఉన్నవాళ్లు, గమకాలు బార్ మీద పలికించాలనుకునేవాళ్లు రెండో ఆలోచన లేకుండా ఇటే రావచ్చు. బిస్కెట్ నాదం గమకం పూర్తయ్యేలోపే ఆరిపోతుంది, స్పైడర్ నిలబెడుతుంది.

గుండ్రటి నెక్ ఇప్పటికే ఇంట్లో ఉంటే నట్ (నెక్ పైచివర తీగలు ఆనే పట్టీ) మీద తొడిగే ఎత్తు నట్ ఒకటి కొనండి. చవకైన లోహపు ముక్క అది. తీగల్ని ఎత్తి, గిటార్‌ను ఒడిలో వాయించేలా చేస్తుంది. ఫ్రెట్లు పాడైన గిటార్‌కు ఇదే రెండో జన్మ.

కొనే ముందు

చేతిలో ఉండాల్సినవి: మిల్లీమీటర్ స్కేలు, టార్చి, ట్యూనర్, వీలైతే ఒక స్టీల్ పట్టీ.

గుండ్రటి నెక్ అయితే మొదట గిటార్‌ను శృతి చేయించి, 12వ ఫ్రెట్ పైభాగం నుంచి ఆరో తీగ అడుగు దాకా కొలవండి. వేళ్లతో వాయించడానికి 2.5 నుంచి 3 మిల్లీమీటర్లు, స్లైడ్‌కు 3 నుంచి 3.5 బాగుంటుంది. 4 దాటితే వెంటనే శాడిల్ వైపు చూడండి. శాడిల్ ఇంకా ఎత్తుగా ఉంటే భయం లేదు, దించుకోవచ్చు. శాడిల్ అప్పటికే పొట్టిగా అరిగి, తీగలు దాని గాళ్లలో మునిగిపోయి ఉంటే నెక్ కోణం తప్పిందని అర్థం. ఎంత తగ్గించి ఇస్తామన్నా ఆ గిటార్ వద్దు. 12వ ఫ్రెట్ దగ్గర 1 మిల్లీమీటర్ దించాలంటే శాడిల్‌ను 2 మిల్లీమీటర్లు తీయాలి, ఎందుకంటే నట్ నుంచి శాడిల్ దూరం 12వ ఫ్రెట్ దూరానికి సరిగ్గా రెట్టింపు. ఈ లెక్క వేసుకుంటే దించడానికి చోటుందో లేదో అక్కడికక్కడే తేలిపోతుంది.

తర్వాత ఒక తీగ మీటి, హెడ్‌స్టాక్‌ను (నెక్ కొసన శృతి కీలు ఉండే భాగం) రెండు వేళ్లతో మెల్లగా ముందుకూ వెనక్కూ తోయండి. శృతి కొద్దిగా ఊగడం మామూలే. ఎక్కువగా ఊగితే, లేదా నెక్ బాడీని కలిసేచోట టక్కుమంటే, లోపలి బిగింపు వదులైంది.

ఇప్పుడు ఎదురుగా నిలబడి చూడండి. మొదటి, ఆరో తీగలు ఫ్రెట్‌బోర్డ్ రెండంచులకూ సమాన దూరంలో పోతున్నాయా? ఒకటి అంచు మీది నుంచి జారిపోయేలా ఉంటే టెయిల్‌పీస్ (తీగల కింది కొసలు పట్టి ఉంచే లోహపు ముక్క) పక్కకు జరిగి ఉండవచ్చు, అది చేత్తో సర్దుకుంటుంది. లేకపోతే నెక్కే వంకర, దాన్ని వదిలేయండి. తీగలు కవర్ ప్లేట్ (కోన్ మీది రంధ్రాల మూత) మీద చెయ్యి ఆనించే వంపును ఎక్కడా తాకకూడదు.

కవర్ ప్లేట్ రంధ్రాల్లోంచి టార్చి వేసి కోన్ చూడండి. బిస్కెట్ చుట్టూ ముడతలు, కుంగిన గుంట కనిపిస్తే కోన్ పోయినట్టే. అది కొనకపోవడానికి కారణం కాదు, ధర తగ్గించడానికి కారణం.

దూరం నుంచి కొంటుంటే అమ్మేవాళ్లను అడగాల్సిన ఫొటోలు నాలుగు: 12వ ఫ్రెట్ దగ్గర స్కేలు పెట్టి పక్కనుంచి తీసింది, శాడిల్ పక్కనుంచి, హెడ్‌స్టాక్ వైపు నుంచి నెక్ పొడవునా, టెయిల్‌పీస్ వెనక భాగం. వీటిలో మొదటిది పంపడానికి తటపటాయిస్తే బేరం అక్కడితో ఆపేయండి.

తీగలు, శృతి

ఇంటికి రాగానే చేయాల్సిన పని తీగలు మార్చడం. చౌక గిటార్లకు చాలావరకు సన్న తీగలు వేసి పంపుతారు. వాటితో కోన్ మీద సరిపడా ఒత్తిడి పడదు, అది గట్టు మీద గట్టిగా కూర్చోదు, శబ్దం పీలగా వస్తుంది, గరగర కూడా ఉంటుంది. గుండ్రటి నెక్‌కు 0.013 నుంచి 0.056 అంగుళాల మందపు సెట్ మంచిది. వేళ్లతో ఎక్కువ నొక్కేవాళ్లు 0.012 సెట్ వేసుకోవచ్చు. చదరపు నెక్‌కు రెసొనేటర్ కోసమే చేసిన 0.016 నుంచి 0.056 సెట్లు దొరుకుతాయి.

శృతుల సంగతి మనవాళ్లకు స్వరాల్లో చెబితే తేలిక. ఆరో తీగ నుంచి ఒకటో తీగ దాకా ఓపెన్ డి అంటే డి-ఎ-డి-ఎఫ్ షార్ప్-ఎ-డి: స ప స గ ప స, రెండు శృతిలో. ఓపెన్ జి అంటే డి-జి-డి-జి-బి-డి: ప స ప స గ ప, ఐదు శృతిలో. ఈ రెంటిలోనూ ఉన్నది అంతర గాంధారం, కాబట్టి మోహనం, శంకరాభరణం హాయిగా పలుకుతాయి. ఖరహరప్రియ, తోడి లాంటి సాధారణ గాంధారపు రాగాలకు ఆ గాంధారపు తీగను ఒక అరస్వరం దించండి. అంతర గాంధారాన్ని ట్యూనర్ సున్నా దగ్గర వదలకండి, దాదాపు 14 సెంట్లు (అరస్వరంలో నూరో వంతు ఒక సెంటు) తక్కువకు దించితే షడ్జంతో కలిసిపోతుంది. ట్యూనర్ చూపే స్థానం సమభాగ శృతిది, తంబురా వినే చెవికి అది కొంచెం ఎక్కువగా తగులుతుంది.

బ్లూగ్రాస్ ఒడివాద్యకారుల జి శృతి వేరు: జి-బి-డి-జి-బి-డి, అంటే స గ ప స గ ప. ఇందులో మామూలు శృతితో పోలిస్తే ఆరో తీగ మూడు అరస్వరాలు, ఐదో తీగ రెండు పైకి లాగుతారు. ఇది చదరపు నెక్‌కే. గుండ్రటి నెక్ మీద లావు తీగలతో ఈ శృతి పెడితే నెక్ వంగుతుంది, బిస్కెట్ కోన్ అయితే కుంగిపోతుంది. పైన చెప్పిన ఓపెన్ డి, ఓపెన్ జి రెండూ మామూలు శృతి కంటే తక్కువ లాగుడువి, వాటితో ఏ భయమూ లేదు.

కొత్త తీగలతో వారం వాయించండి. అప్పటికీ శబ్దం డొల్లగా ఉంటేనే కోన్ సంగతి ఆలోచించండి.

కోన్ మార్చడం: బిస్కెట్ రకం

చౌక కోన్లు మందపు రేకును అచ్చులో ఒత్తి చేసినవి. మంచి కోన్లను లేత్ మీద తిప్పుతూ పలుచగా సాగదీస్తారు. తేలికగా, బిగువుగా ఉంటుంది కనుక చిన్న దెబ్బకు కూడా పలుకుతుంది. 9.5 అంగుళాల బిస్కెట్ కోన్లలో నేషనల్ రెసోఫోనిక్ వారిది, 10.5 అంగుళాల స్పైడర్ కోన్లలో క్వార్టర్‌మన్, బియర్డ్ పేరున్నవి. ఆర్డర్ చేసే ముందు గిటార్ విప్పి, కోన్ కూర్చునే వలయం లోపలి వ్యాసం కొలవండి: 9.5 అంగుళాలంటే 241 మిల్లీమీటర్లు, 10.5 అంటే 267. కోన్ చుట్టూ అర మిల్లీమీటర్ ఖాళీ ఉండాలి. బిగుతుగా దూర్చిన కోన్ తీగలు బిగించగానే మెలితిరుగుతుంది.

కావాల్సినవి: చిన్న స్టార్ స్క్రూడ్రైవర్, కాగితపు టేపు, స్క్రూలకు గిన్నె, కాపో (నెక్ మీద తీగల్ని నొక్కిపట్టే క్లిప్పు), 220, 400 నంబరు ఉప్పుకాగితాలు, చదునైన చెక్క ముక్క, గాళ్లు కోసే ఆకురాళ్లు. నట్ ఆకురాళ్లు ఖరీదు. గ్యాస్ వెల్డింగ్ నాజిళ్లు శుభ్రం చేసే గరుకు తీగల సెట్ హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది, ఈ పనికి అది చాలు.

1. తీగలు బాగా వదులు చేసి, మూడో ఫ్రెట్ దగ్గర కాపో బిగించండి. తీగలు చుట్టలు విడిపోకుండా ఉంటాయి. టెయిల్‌పీస్‌ను వెనక మేకు నుంచి తప్పించి, తీగలతో సహా నెక్ వైపు తిప్పేయండి.

2. కవర్ ప్లేట్ మీద, బాడీ మీద కలిసేలా ఒక టేపు ముక్క అంటించి మధ్యలో గీత గీయండి. తిరిగి పెట్టేటప్పుడు ప్లేట్ అదే దిశలో కూర్చోవాలి, లేకపోతే స్క్రూ రంధ్రాలు కలవవు. స్క్రూలు తీశాక ప్లేట్ పైకెత్తండి.

3. కోన్‌ను వేళ్లతో మధ్యలో పట్టి లాగకండి, వేలి ఒత్తిడికే గుంట పడుతుంది. అంచుకు రెండు వైపులా టేపు అంటించి దాంతో ఎత్తండి. ఎత్తితే రాలేదంటే చిన్న మేకులో, జిగురో ఉందన్నమాట. టార్చి వేసి వెతికి తీయండి.

4. గట్టు చూడండి. ఈ మెట్టు చాలామంది దాటేస్తారు, ఖరీదైన కోన్ వేసినా గరగర పోలేదని తర్వాత వాపోతారు. చౌక గిటార్లలో గట్టు మీద రంగు పొక్కులు, జిగురు చుక్కలు, ప్లైవుడ్ పీచు ఉంటాయి. చెక్క ముక్కకు 220 ఉప్పుకాగితం చుట్టి చుట్టూ సమానంగా రుద్దండి. కొత్త కోన్‌ను ముందు అద్దం మీద బోర్లించి అంచు చదునుగా ఉందో చూడండి, తర్వాత గట్టు మీద పెట్టి అంచును చుట్టూ వేలితో తేలిగ్గా తట్టండి. టిక్‌టిక్‌మన్న చోట కింద ఖాళీ ఉంది. ఎదురు వైపు ఎత్తును రుద్దుతూ ఆ శబ్దం పోయేదాకా సరిచేయండి. లోహపు బాడీలో గట్టు రేకుదే కాబట్టి రుద్దడం చాలా కొద్దిగా, వంగిన చోట మెల్లగా సర్దడం ఎక్కువ.

5. కోన్‌ను ఎక్కడా అంటించకండి. తీగల ఒత్తిడే దాన్ని పట్టి ఉంచాలి.

6. కొత్త బిస్కెట్ మేపుల్ చెక్కది కావాలి. కోన్ కింది నుంచి వచ్చే ఒక్క స్క్రూతో బిగుస్తుంది. బిళ్ల కదలకుండా ఉంటే చాలు, ఇంకా తిప్పితే శిఖరం నలుగుతుంది.

శాడిల్: సగం శబ్దం ఇక్కడే

కోన్‌కు డబ్బు పెట్టి శాడిల్‌ను పాతదే వదిలేసేవాళ్లు పెట్టిన ఖర్చులో సగమే రాబట్టుకుంటారు. కంపెనీ శాడిల్స్ తరచూ మెత్తటి చెక్కవి, గాళ్లు లోతుగా, అడ్డదిడ్డంగా ఉంటాయి. గాడిలో మునిగిన తీగ పక్కగోడలకు రాసుకుని సితార్‌లా జివ్వుమంటుంది. మేపుల్ శాడిల్ వేయండి. పైన పలుచని నల్లచేవ పట్టీ ఉన్నదైతే గాళ్లు త్వరగా అరగవు. ఎముక శాడిల్ మామూలు గిటార్‌కు ఎంత మంచిదైనా ఇక్కడ కీచుగా పలుకుతుంది.

కొత్త శాడిల్‌ను కావాల్సిన దానికంటే ఎత్తుగానే ఉంచి మొదలుపెట్టండి. కొత్త కోన్ ఎత్తు పాతదానితో సమానంగా ఉండదు, కాబట్టి పాత శాడిల్ కొలత పనికిరాదు. ముందు మొదటి, ఆరో తీగలకు చిన్న గుర్తు గాళ్లు కోసి, ఫ్రెట్‌బోర్డ్ అంచుల నుంచి సమ దూరం వచ్చిందో లేదో చూసి, మిగతా నాలుగు మధ్యలో పంచండి. పక్క పక్క తీగల మధ్య ఖాళీ సమానంగా ఉండాలి, తీగల మధ్యరేఖల దూరాలు కాదు. లావు తీగల వైపు ఈ తేడా తెలుస్తుంది. గాడి అడుగు టెయిల్‌పీస్ వైపు వాలాలి, తీగ నెక్ వైపు అంచు మీదనే తాకాలి. లోతు తీగ మందంలో సగం, అంతకు మించి వద్దు.

ఆ తర్వాత శృతి చేసి, కొలిచి, వదులు చేసి, గాళ్లు దించి, మళ్లీ కొలవండి. విసుగు పుట్టించే పనే, కానీ ఒకేసారి దించేస్తే వెనక్కి తీసుకునే దారి లేదు. కావాల్సిన ఎత్తు వచ్చాక శాడిల్ పైభాగం రుద్ది, తీగ సగం బయటికి కనిపించేలా చేయండి. శాడిల్ మీద తీగ కిందికి విరిగే కోణం కంటికి స్పష్టంగా కనిపించాలి. మరీ చదునైతే తీగ గాడిలో చిటపటలాడుతుంది, మరీ నిటారైతే కోన్ మీద భారం పెరిగి కొన్నాళ్లకు కుంగుతుంది.

వేళ్లతో నొక్కి వాయించేవాళ్లు 12వ ఫ్రెట్ స్వరాన్ని, అదే చోటి హార్మోనిక్‌ను (తీగను నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం) పోల్చండి. లావు తీగలు నొక్కినప్పుడు ఎక్కువ శృతి చూపిస్తే, కోన్‌తో సహా బిస్కెట్‌ను కొద్దిగా తిప్పి, ఆ వైపు శాడిల్‌ను టెయిల్‌పీస్ వైపు 2, 3 మిల్లీమీటర్లు వెనక్కి జరపండి. బిస్కెట్ రకంలో ఉన్న సౌకర్యం ఇది. స్లైడ్ మాత్రమే వాయించేవాళ్లకు ఈ బాధ లేదు.

ఒడివాద్యానికి తీగల పైభాగాలన్నీ ఒకే మట్టంలో ఉండాలి. స్టీల్ బార్‌ను తీగలకు అడ్డంగా పెట్టి పక్కనుంచి చూడండి. ఏ తీగ కింద వెలుతురు కనిపిస్తే అది పల్లంలో ఉంది, మిగతావాటిని దానికి దించండి.

కవర్ ప్లేట్ పెట్టేటప్పుడు స్క్రూలకు సబ్బు రాయండి, చెక్క చీలదు. రంధ్రం వదులైపోయి ఉంటే అగ్గిపుల్ల ముక్కకు చెక్క జిగురు పూసి దూర్చి, ఆరాక బిగించండి. శృతి మెల్లగా, అన్ని తీగలూ కొంచెం కొంచెంగా పెంచండి. కోన్ సర్దుకుంటూ టక్ టక్‌మనడం సహజం. మర్నాడు మళ్లీ శృతి చేసి, ఎత్తు మళ్లీ కొలవండి. కొత్త కోన్ అసలు గొంతు కొద్ది రోజులు వాయించాక గానీ బయటికి రాదు.

స్పైడర్ రకంలో తేడాలు

గట్టు పని అదే. అదనంగా స్పైడర్ కాళ్లు చూడాలి. స్పైడర్‌ను అద్దం మీద నిలబెట్టి, ఒక్కో కాలి కింద పలుచని కాగితం లాగి చూడండి. కాగితం తేలిగ్గా జారిన కాలు గాల్లో ఉంది. ఎనిమిదీ సమానంగా ఆనేదాకా పొడవైన కాళ్లను ఆకురాయితో కొద్దికొద్దిగా తగ్గించండి. మంచి స్పైడర్ కొనాలనుకుంటే 14 నంబరు నమూనా ఎక్కువమంది వాడేది.

శాడిల్ ఇక్కడ రెండు ముక్కలు, మధ్యలో స్క్రూ. ఆ స్క్రూ స్పైడర్‌ను కోన్ మధ్యభాగానికి కలుపుతుంది. తీగలు పూర్తి శృతికి వచ్చాకే దాన్ని ముట్టుకోండి. కవర్ ప్లేట్ మీది రంధ్రం గుండా స్క్రూడ్రైవర్ దించి, బిగువు తగిలేదాకా తిప్పి, అక్కడి నుంచి పావు చుట్టు. మీటి వినండి. అవసరమైతే ఇంకో పావు. అంతకు మించితే శబ్దం గొంతు నొక్కినట్టవుతుంది, కోన్ మధ్యలో చిరుగు కూడా పడవచ్చు. తీగలు మార్చే ప్రతిసారీ స్క్రూ కాస్త వదులు చేసి, శృతి అయ్యాక మళ్లీ బిగించండి.

చౌక చెక్క బాడీ స్పైడర్లలో కింది స్వరాలు గుమ్మంటూ కలగాపులగమైతే, బాడీలో నెక్ వైపు ఖాళీలో మెత్తటి గుడ్డ ఉండ ఒకటి పెట్టి చూడండి. నచ్చకపోతే తీసేయవచ్చు, పైసా ఖర్చు లేదు.

గరగర పట్టుకోవడం

కొత్త భాగాలు కొనేముందు గరగర ఎక్కడిదో తేల్చుకోండి. ఒక స్వరం దగ్గరే వస్తే ఫ్రెట్, లేదా ఆ స్వరానికి ఊగే వదులు భాగం. ఒక తీగ మీదే అన్ని చోట్లా వస్తే శాడిల్ గాడి. ఖాళీ తీగ మీదే వచ్చి, నొక్కగానే పోతే నట్ గాడి లోతెక్కువ. అన్ని తీగల మీదా వస్తే కోన్ గట్టు మీద సరిగా లేదు, లేదా స్పైడర్ కాలు గాల్లో ఉంది.

కోన్ విప్పే ముందు బయటివి చూడండి. ఒకరు మీటుతుంటే ఇంకొకరు వేలితో కవర్ ప్లేట్ అంచు, బాడీ మీది జాలీలు, టెయిల్‌పీస్, శృతి కీల స్క్రూలు, ట్రస్ రాడ్ (నెక్ లోపలి లోహపు కడ్డీ) మూత ఒక్కొక్కటే నొక్కండి. ఎక్కడ నొక్కితే ఆగితే అక్కడే. జాలీ అయితే లోపలి నుంచి ఒక చుక్క జిగురు చాలు. టెయిల్‌పీస్ కింద చిన్న ఫెల్ట్ ముక్క పెట్టండి. శాడిల్‌కు, టెయిల్‌పీస్‌కు మధ్య తీగ భాగాలు వాటంతటవే కీచుమంటుంటే తీగల మధ్య ఒక గుడ్డ పీలిక పైకీ కిందికీ అల్లండి. పెద్ద వాద్యకారులూ చేసే పనే ఇది.

చివరికి మిగిలే ఖర్చులు

శృతి కీలు శృతి నిలపకపోతే మార్చండి, కానీ ముందు నట్ గాళ్లలో పెన్సిల్ పొడి వేసి చూడండి. తప్పు ఎక్కువసార్లు అక్కడే ఉంటుంది. గాళ్ల హెడ్‌స్టాక్‌కు (కీల ఇరుసులు గాళ్లలో అడ్డంగా ఉండే రకం) కొత్త కీలు కొనేటప్పుడు ఇరుసుల మధ్య దూరం, వాటి మందం రెండూ కొలిచి ఆర్డర్ పెట్టండి.

పికప్ (శబ్దాన్ని యాంప్లిఫయర్‌కు పంపే పరికరం) తొందరపడి పెట్టించకండి. బిస్కెట్ కింద పెట్టే పియెజో రకాలు కోన్ స్పందననే మారుస్తాయి. చిన్న సభలకు షూర్ ఎస్‌ఎం57 మైకును కవర్ ప్లేట్‌కు జానెడు దూరంలో పెడితే రెసొనేటర్ రెసొనేటర్‌లాగే వినిపిస్తుంది. డ్రమ్స్ మధ్య వాయించాల్సి వస్తే నెక్ చివర అంటించే సన్నటి మాగ్నెటిక్ పికప్ ఫీడ్‌బ్యాక్ తక్కువ ఇస్తుంది.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో లోహపు బాడీ ఉన్నవాళ్లు వాయించిన ప్రతిసారీ పొడి గుడ్డతో తుడిచి, పెట్టెలో సిలికా జెల్ సంచులు వేసి మూయండి. బాడీ మీది పాతబడిన రంగు కంపెనీ కావాలని వేసినదైతే మెటల్ పాలిష్ తగలనివ్వకండి, మచ్చలు పడతాయి. కోన్ మీద ఏ ద్రావకమూ వాడకండి, దుమ్ముంటే మెత్తటి బ్రష్ చాలు. విమానంలోనో పార్సిల్‌లోనో పంపేటప్పుడు తీగలు ఒకటి రెండు స్వరాలు దించి, కవర్ ప్లేట్ మీద గట్టి అట్ట వేసి కట్టండి. తీగలు పూర్తిగా వదలకండి. ఒత్తిడి లేని కోన్ దారిలో గట్టు మీది నుంచి జరిగిపోతుంది.